మొదటి బుక్క

గుడిలో గంట అయ్యగారిది, వంటలో గంటె సంతోషమ్మది. ఖానాపూర్ పక్కనున్న ఆ చిన్న మెథడిస్టు సంఘంలో ఈ పంపకం మీద ఇన్నేళ్ళలో ఎవరికీ పేచీ రాలేదు. ఆ ఆదివారం ఆరాధన ముగిశాక ఆమె మరిది జేమ్స్ నేరుగా వాకిట్లోకి వచ్చి, చెప్పులు విప్పకుండా నిలబడి, గంటె ఇచ్చెయ్యమన్నాడు.

చెప్పులు విప్పలేదంటే చాయ తాగడని అర్థం. చాయ తాగడంటే చెప్పబోయే మాట చేదని అర్థం. సంతోషమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తలేదు. జేమ్స్ కరెంటాఫీసులో పనిచేస్తాడు. మాటను కూడా స్విచ్చు వేసినట్టే వేస్తాడు, కట్టేసినట్టే కట్టేస్తాడు. సంఘంలో విందు కమిటీకి కార్యదర్శి. కోత పండుగ వంట ఈసారి మమతారాణి చెయ్యాలని కమిటీ తీర్మానించిందట. మమతారాణి అంటే సంతోషమ్మ దగ్గర ఉల్లిగడ్డలు తరగడంతో మొదలుపెట్టి ఉప్పు వేసేదాకా ఎదిగిన మనిషి. ఆ వంటింట్లో ఉప్పు వేయనివ్వడం అంటే పట్టాభిషేకం చేసినట్టే.

తగువు పోయిన నెల చర్చి వార్షికోత్సవం నాడు పుట్టింది. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. విందు రోజు జనమంతా బంతుల్లో కూర్చుని విస్తళ్ళు ముందు పెట్టుకుంటారు కాని ఎవరూ ముద్ద కలపరు. వండిన మనిషి కూరగంజు పక్కన పీట వేసుకుని, అందరూ చూస్తుండగా మొదటి బుక్క తాను తింటుంది. తిని, గంటెతో గంజు అంచు మీద ఒక్కటి కొడుతుంది. ఖంగుమని ఆ చప్పుడు వినబడ్డాకే, అయ్యగారైనా సరే, అన్నంలో చెయ్యి పెట్టేది. వండినవాళ్ళకు లేని భయం తినేవాళ్ళకెందుకన్నది దాని భావం. ఆ రోజు సంతోషమ్మ మొదటి బుక్క తింది. గంటె ఎత్తింది. ఎత్తిన గంటె దిగలేదు, ఆమే దిగబడిపోయింది. కుడి డొక్క పట్టుకుని గంజు పక్కనే వంగిపోయింది. గంటె మోగలేదు. జనం విస్తళ్ళ ముందు ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుండిపోయారు. కొవ్వు తేలే యాటమాంసం కూరను ఆమె పొద్దుటినుంచీ రుచి చూస్తూనే ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టింది ఒకటే: వండినామెనే పడేసిన కూర మనల్నేం చేస్తుంది?

"నీ వంట మంచిది గాదని నేనంటలే వదినా," అన్నాడు జేమ్స్. "జనం అంటున్నరు. గంత కారం ఏస్తె కడుపుల మంట గాక ఏమైతది అంటున్నరు."

"గా దినం తిన్నోళ్ళల్ల ఒక్కరన్న పడ్డరా?"

"పడలే. అయితె ఎవ్వరు పేట్ భర్ తినలే గద."

చేతిలో ఈనె తెగింది. సంతోషమ్మ వంటను కారమన్నవాళ్ళున్నారు, ఘోరమైన కారమన్నవాళ్ళున్నారు, కళ్ళు తుడుచుకుంటూ మారు వడ్డించుకున్నవాళ్ళున్నారు. ఆమె వడ్డించిన బంతిలోంచి అర్ధాకలితో లేచినవాళ్ళు లేరు. ఇప్పుడు ఉన్నారు. ఊరంతా ఉంది.

ఆమె లేచి పొయ్యి పక్క మేకుకు వేలాడుతున్న గంటెను తీసింది. మోచెయ్యంత పొడుగు ఇనుప గంటె. చింతపండు పెట్టి తోమింది. కొంగుతో తుడిచింది. గంటె గిన్నె లోపల వేలితో నూనె రాసింది. వాకిట్లోకి వచ్చి, గిన్నె వైపు తాను పట్టుకుని పిడి వైపు మరిదికి చాపింది. పొయ్యి మీది గంటెను పక్కమనిషికి అందించే పద్ధతి అది. కాలేది మన చెయ్యి కావాలి, వాళ్ళది కాకూడదు. గంటె చల్లగానే ఉంది. చెయ్యే కాలింది.

పోతూ పోతూ జేమ్స్, మమతారాణి మీద కడుపుమంట పెట్టుకోవద్దని ఒక సలహా కూడా పడేసి పోయాడు. ఉన్న మంట చాలదన్నట్టు.

*

మంట ఏడాదిగా ఉంది. ఊళ్ళో వైద్యం చేసే అంతయ్య దానికి గ్యాస్ అని పేరు పెట్టాడు. పరిగడుపున ఒక మాత్ర, తిన్నాక గులాబీ రంగు మందు రెండు మూతలు. భర్త తోమాసు తన వంతుగా సోడా తెచ్చాడు, జీలకర్ర నమిలించాడు, చివరికి ఆమె పక్కన కూర్చుని తానే రెండు తేపులు తేన్చి చూపించాడు. సిలిండర్ గ్యాసు బుక్ చేస్తే ఏదో ఒక రోజు వచ్చిపోతుంది. ఈ గ్యాసు వస్తుందే కాని పోదు. అందరి మందూ ఒకటే తిట్టుతో ముగిసేది: కారం తగ్గించు.

సంతోషమ్మ కారాన్ని తగ్గించలేదు. విచారించింది. గంజెడు కూర చెడితే వంటమనిషి గంజు మీద నేరం మోపదు. దినుసులను ఒక్కొక్కటిగా పిలిచి నిలదీస్తుంది. కొబ్బరి ముక్కిందా, గసగసాలు పాతవా, నూనె కొత్త డబ్బాదా? గంటె పోయిన మరునాడు ఆమె తన కడుపునే గంజు చేసుకుంది.

మొదటి రోజు నిందితుడు కారం. జొన్నరొట్టెలోకి ఎండుమిరపకాయ తొక్కు నూరింది. నూనె చుక్క లేదు, తిరగమోత లేదు. తోమాసు ఒక్క వేలు నాకి బావి దగ్గరకు పోయి ఎంతసేపటికీ రాలేదు. ఆమె రొట్టె మీద రొట్టె తింది. ముక్కు కారింది, చెవులు వేడెక్కాయి, నాలుక తిట్టింది. డొక్క మాత్రం మాట్లాడలేదు. పొద్దు గూకేదాకా గడపలో కూర్చుని చూసింది, నొప్పి రాలేదు. పండుకున్నాక రొమ్ము వెనకాల చిన్న మంట పొగచూరినట్టు లేచింది. లేచి కూర్చుని గులాబీ మందు తాగితే అది అణిగింది. ఇదొకటి, అనుకుంది. అది వేరే.

రెండో రోజు నిందితుడు నెయ్యి. పక్కింట్లో బర్రె వెన్న కాచిన నెయ్యి తెచ్చి వేడి అన్నంలో ముద్దకు ముద్ద పోసుకుంది. ఉడకబెట్టిన గుడ్లు పెట్టుకుంది. మిరపకాయను ఆ గదిలోకే రానివ్వలేదు. చంటిపిల్లకు పెట్టే తిండి. తిని, మక్కజొన్నలు ఎండబోసిన చోటికి వెళ్ళి పార పట్టింది. నీడ గోడ దాటిందో లేదో, నొప్పి వచ్చింది. కుడివైపు పక్కటెముకల కింద ఎవరో పిడికిలి పెట్టి తిప్పుతున్నట్టు. అక్కడినుంచి వెనక్కు పోయి కుడి భుజం రెక్క కింద కూర్చుంది. మందు తాగితే మందే బయటకు వచ్చింది. కూర్చున్నా అదే, పడుకున్నా అదే, నడిచినా అదే. తోమాసు పరుగెత్తుకొచ్చేసరికి ఆమె మక్కల మధ్య ముడుచుకుని ఉంది. చెమటతో మక్కగింజలు చెంపకు అంటుకున్నాయి. ఆ చెంప నవ్వుతోంది.

"కారం గాదయ్యా," అంది పళ్ళ మధ్యనుంచి. "నెయ్యి దొరికింది. కారం తప్పేం లేదు."

పెళ్ళానికి మతి తప్పిందనుకుని తోమాసు కరీంనగర్లో నర్సుగా చేస్తున్న బిడ్డ క్యాథరిన్‌కు ఫోన్ చేశాడు. బిడ్డ ఫోన్లో అడిగినవి మూడు నాలుగు మాటలే. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, వెనక్కు పాకుతుందా. ఆ తర్వాత ఆమె గొంతు మారిపోయింది. ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదని తల్లిని ఒక విడత తిట్టి, నేనెందుకు అడగలేదని తనను ఒక విడత తిట్టుకుని, బండి మాట్లాడి ఆ సాయంత్రమే దవాఖానకు తెప్పించుకుంది.

*

డాక్టరు నర్మద మొదట గుండె చూసింది. ఛాతీలో మంట అన్న ప్రతివాళ్ళకూ ముందు అది చూడాల్సిందేనట. గుండె గట్టిగానే ఉంది. ఆ గుండె గట్టిదనం గురించి తోమాసును అడిగినా చెప్పేవాడు. తెల్లారి పరిగడుపున పొట్ట మీద చల్లటి జిగురు రాసి స్కానింగ్ చేశారు. తెర మీద నలుపు తెలుపుల్లో పంట కాలువలాంటిదేదో కనబడింది. అందులో ఒకచోట గోనెసంచిలాంటి ఆకారం, దాని అడుగున తెల్లటి చుక్కలు.

కాలేయం కింద పిత్తాశయమని ఒక చిన్న సంచి ఉంటుందని డాక్టరు చెప్పింది. కొవ్వును అరిగించే పసరును అది దాచిపెడుతుంది. కొవ్వు తిన్నప్పుడల్లా ఆ సంచి పిండుకుంటుంది. రాళ్ళుంటే, పిండినప్పుడు ఒకటి మూతికి అడ్డం పడుతుంది. అదే డొక్కలో ఆ తిప్పుడు, అదే రెక్క కిందికి పాకే నొప్పి. రొమ్ము వెనకాల మంట వేరు. అది కడుపులోని పులుపు పైకి తన్నడం. తిని వెంటనే పడుకుంటే ఎక్కువవుతుంది, మందు తాగితే తగ్గుతుంది. రెండూ ఒకే చోట ఉన్నట్టుంటాయి కాబట్టి జనం దేన్నైనా గ్యాసే అంటారు. సంతోషమ్మకు రెండూ ఉన్నాయి. ఒకే ఇంట్లో ఇద్దరు కిరాయిదార్లు. గొడవ చేసేది ఒకరు, పోలీసులు పట్టుకుపోయింది ఇంకొకరిని. సంచి తీసేస్తే రాళ్ళ నొప్పి పోతుంది కాని పులుపు మంట దానితో పోతుందని రాసి ఇవ్వలేనని డాక్టరు ముందే చెప్పింది. రాయి జారి దారి మూసేస్తే కామెర్లు, జ్వరం, ఇంకా పెద్ద ముప్పు. తీయించుకోవడమే మంచిది.

క్యాథరిన్ తల ఊపుతోంది. తోమాసు దండం పెడుతున్నాడు. సంతోషమ్మకు అడగాల్సింది ఒకటే ఉంది. అది అడగడానికి మంచం మీద లేచి కూర్చుంది.

"డాక్టరమ్మా. గీ రాళ్ళు కారానికి వచ్చినయా?"

"లేదమ్మా. కారంతోని రాళ్ళు పుట్టవు."

"నా చేతి వంటకు?"

డాక్టరు కాగితం మీంచి కళ్ళెత్తి ఈసారి మనిషిని చూసింది. "నీ వంట తిని ఇంకెవరికన్న గిట్లయిందా?"

"ఎవ్వరికి కాలే."

"మరింకేంది."

గదే మాట మా మరిదికి జర ఫోన్ల చెప్పమని సంతోషమ్మ అడిగింది. అది దవాఖాన పని కాదని డాక్టరు నవ్వింది.

పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి సంచిని తీశారు. తెలివి వచ్చాక ఆమె మొదట తాగింది నీళ్ళు, తర్వాత అడిగింది రాళ్ళు. అక్కడ ఎవరి రాళ్ళు వాళ్ళకు చూపించే అలవాటు ఉంది. మూత బిగించిన చిన్న సీసాలో వేసి క్యాథరిన్ తెచ్చిచ్చింది. శనగలంతున్నాయి కొన్ని, మిరియాలంతున్నాయి కొన్ని, పచ్చగా మట్టి రంగులో. సంతోషమ్మ సీసాను చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. పోపుడబ్బాలో మెంతులు కదిలినట్టు కదిలాయి. బరువులెత్తొద్దు, నూనె కొవ్వు కొంచెం కొంచెంగా, రాత్రి తిండి తొందరగా అని బిడ్డ జాగ్రత్తలు చెబుతుంటే, ఆమె సీసాను కొంగున కట్టుకుంటోంది. దాన్నెందుకవ్వా పారేయ్ అంది బిడ్డ. పండుగకు పనుందంది అవ్వ.

*

కోత పండుగ నాడు ఎవరి మొదటి పంట వాళ్ళు గుడిలో బల్ల ముందు పెట్టి దేవునికి స్తోత్రం చెప్తారు. వరి పనలు వచ్చాయి, మక్కపొత్తులు వచ్చాయి, గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు తమ అభ్యంతరం తెలుపుకుంటూ వచ్చాయి. వరుసలో చివరగా సంతోషమ్మ వచ్చింది. పొట్ట మీద ఒక చెయ్యి, తోమాసు భుజం మీద ఒక చెయ్యి. గుమ్మడికాయకూ కోళ్ళకూ మధ్య జాగా చేసి సీసా పెట్టింది.

అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని దాన్ని ఎత్తి చూశారు. ఇదేమిటని అడిగారు.

"ఈ ఏడు నా పంట గిదే అయ్యగారు," అంది. గొంతు మైకు అవసరం లేని గొంతు. "గింజ మంచిగనే కట్టింది. నా పొట్టల పండింది, నా కారానికి పండలే. కరీంనగర్ల డాక్టరమ్మ చెప్పింది. నా వంటకు ఏ రోగం లేదు. రోగం నాకుండె, తీసి సీసల ఏసిండ్రు."

మొదట ముసలివాళ్ళు నవ్వారు, తర్వాత పిల్లలు, చివరికి కోళ్ళు తప్ప అందరూ. సీసా చేతులు మారి వెనక వరుసదాకా పోయింది. వార్షికోత్సవం నాటి కూరను ఇంటికి తీసుకుపోయి కుక్కకు పెట్టినావిడ దాన్ని పట్టుకుని చాలాసేపు చూసి, కళ్ళు దించుకుని పక్కవాళ్ళకు ఇచ్చింది. అయ్యగారు గొంతు సవరించుకుని, గంటె ఎవరిదో వారి చేతికి చేరడం న్యాయమని కమిటీ తరఫున తానే అనేశారు. సంతోషమ్మ మెడ ఒక అంగుళం పెరిగింది. మంచం మీద పడుకున్నన్నాళ్ళూ ఆమె నెమరు వేసుకున్నది ఈ మాటనే.

వంట పందిరి దగ్గర జేమ్స్ ఎదురొచ్చాడు. పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా, తనకూ ఏడాదిగా మంటేనని, తనకూ రాళ్ళున్నాయేమోనని అడిగాడు. స్విచ్చు వేసినట్టు మాట్లాడే మనిషి వోల్టేజి లేని బల్బులా నిలబడ్డాడు. చెప్పులు పందిరి బయటే విప్పి వచ్చాడు. ఆమె అది చూసింది.

"కొవ్వు తిన్నంక వస్తదా, పండుకున్నంక వస్తదా?"

"పండుకుంటెనే వదినా. పుల్లటి నీళ్ళు గొంతులకు తన్నుకొస్తయ్. గులాబీ మందు తాగితె దిగుతది."

"నా రాళ్ళ నొప్పి దిగలే. గదే ఫరక్. నీది వట్టి మంటే కావచ్చు. అయినా నేను డాక్టర్ను గాదు, పరేషాన్ గాకుండ పోయి చూపించుకో. తినంగనే మంచమెక్కుడు మాత్రం బంద్ పెట్టు."

గంటె సంగతి అతను ఎత్తలేదు. క్షమించమని కూడా అనలేదు. ఆమె విస్తరిని తానే మోసుకుపోయి మొదటి బంతిలో పరిచాడు. అంతే అతనికి చేతనైంది, అంతే ఆమెకు చాలింది.

పందిరిలో బంతులు నిండాయి. బగారన్నం వడ్డించారు, యాటకూర వడ్డించారు. ఆవిర్లు లేస్తున్న విస్తళ్ళ ముందు జనం చేతులు కట్టుకుని గంజు వైపు చూస్తున్నారు. గంజు పక్కన పీట మీద మమతారాణి కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం ఉంది. పళ్ళెంలో అన్నం ఉంది. కలిపిన ముద్ద నోటిదాకా పోవడం లేదు. ఈ ఊళ్ళో మొదటి బుక్కను ఇదివరకు ఇట్లా ఎవరూ చూడలేదు. వార్షికోత్సవం దాకా అది దీవెన. ఇప్పుడు అది పరీక్ష. ముందు బంతిలోవాళ్ళు ఆమె నోటిని కాదు, డొక్కను చూస్తున్నారు. వెనకనుంచి ఎవరో, మసాల మాత్రం పాతామె పద్ధతే కదా అంటున్నారు.

సంతోషమ్మ దగ్గరకు రావడం చూసి మమతారాణి గబుక్కున లేచింది. పళ్ళెం పీట మీద పెట్టింది. కూరలోంచి గంటెను తీసి, అంచుకు ఆనించి చుక్క కారకుండా దులిపింది. కొంగు మడతపెట్టి గిన్నె వైపు తాను పట్టుకుని, పిడి వైపు సంతోషమ్మకు చాపింది.

"నీదే అక్కా. నేనడగలే. ఇచ్చిండ్రు, పట్టుకున్న."

గంటె వేడిగా ఉంది. కొంగు గుండా ఆవిరి వస్తోంది. మమతారాణి వేళ్ళు కదలడం లేదు. సంతోషమ్మ పిడిని చూడలేదు, ఆ వేళ్ళను చూసింది. ఉల్లిగడ్డలతో మొదలుపెట్టిన వేళ్ళు. ఇట్లా అందించాలని తాను నోటితో ఎన్నడూ చెప్పలేదు. చూసి నేర్చుకుంది. తర్వాత గంజులోకి చూసింది. నూనె పైకి తేరి ఒక పక్కకు జరిగింది, ముక్క ఎముకను వదలడానికి సిద్ధంగా ఉంది, మసాల పొడి చివర్లో వేసిన వాసన చివర్లోనే వస్తోంది. ఆమె మెడ మళ్ళీ ఒక అంగుళం పెరిగింది. ఈసారి ఎందుకో ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"కాలుతది, కింద వెట్టు," అంది.

తోమాసు చెయ్యి ఆసరాగా పట్టుకుని, పొట్ట అదుముకుంటూ పీట మీద మెల్లగా కూర్చుంది. ఆ పళ్ళెమే ఒళ్ళో పెట్టుకుంది. పైన తేలిన నూనెను పక్కకు నెట్టి అడుగుకూర కొంచెం, కొవ్వు లేని ముక్క ఒకటి వెయ్యమంది. మమతారాణి వేసింది. ఎక్కడో దవాఖానలో సంచి పారేసుకుని వచ్చిన మనిషి, ఏ పీట మీదనుంచి పడిందో ఆ పీట మీదే కూర్చుని, తాను వండని కూరకు తాను పూచీ పడుతోంది.

ముద్ద చేసింది. తింది. తొందరపడకుండా నమిలింది. మింగింది. అందరి కళ్ళూ ఆమె కుడి డొక్క మీదున్నాయని తెలుసు కాబట్టి, ఎడమ చెయ్యిని డొక్క మీంచి తీసి మోకాలి మీద పెట్టుకుంది. ఇంకో ముద్ద తింది. ఆనవాయితీలో రెండో ముద్ద లేదు.

"ఉప్పు సరిపోయింది," అంది బంతులన్నిటికీ వినబడేట్టు. కొంచెం ఆగింది. "కారం జర తక్కువైంది."

పందిరి మొత్తం ఊపిరి వదిలింది. ఎవరో కిసుక్కుమన్నారు. మమతారాణి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, పొగకని తుడుచుకుంది. గంటెను మళ్ళీ సంతోషమ్మ ముందుకు చాపింది. ఈసారీ పిడి వైపే.

సంతోషమ్మ ఆ పిడి మీద చెయ్యి వేసింది. పట్టుకోలేదు. మమతారాణి వేళ్ళను గిన్నె మీంచి ఒక్కొక్కటిగా విడిపించి, పిడి మీదికి జరిపి, వాటి మీద తన చెయ్యి ఒక్కసారి నొక్కి తీసేసింది.

"నేను నేర్పిన చెయ్యి," అంది జేమ్స్ వైపు చూస్తూ. తర్వాత మమతారాణి వైపు తిరిగింది. "కొట్టు."

గంటె గంజు అంచు మీద ఖంగుమంది. ఆ చప్పుడు గుడి గంటదాకా పోయి వచ్చింది. బంతుల్లో చేతులన్నీ ఒక్కసారిగా అన్నంలోకి దిగాయి. పీట మీద కూర్చున్న మనిషి ఎవరూ చూడకుండా చెయ్యి డొక్క మీద పెట్టుకుని, కాసేపు ఆగి, ఏమీ లేదని తేల్చుకుని, మూడో ముద్ద కలిపింది.